వెంకటనర్సు అతకని పడుగు

చిట్యాల దగ్గర హైవే దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే నేతగాళ్ల వాడలో రాపోలు వెంకటనర్సుకు రెండు విషయాల్లో పేరుంది. ఆయన నేసిన చీరలో పువ్వు అంచు చెదరదు. ఆయన నోరు ఆగదు. యాభై ఆరేళ్ల బతుకులో నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. నడుముకు పైన పహిల్వాన్, కింద బడిపిల్లగాడు అని ఆయన భార్య ఉప్పలమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, ఆయన వింటుండగానే.

2020లో లాక్‌డౌన్ ఎత్తేశారు గానీ పెళ్లిళ్లు మొదలు కాలేదు. పెళ్లిళ్లు లేకపోతే పట్టుచీర ఎవరికి కావాలి? పేపర్లు దాన్ని ఆర్థిక మాంద్యం అన్నాయి. రాసినవాళ్లకు నెల తిరిగేసరికి జీతం పడింది కాబట్టి చాలా వివరంగా రాశారు. వాడకు మాత్రం ఆ వార్త దామోదర్ సేటు నోటి నుంచి వచ్చింది. వాడలోని పన్నెండు మగ్గాలకూ పట్టు ఇచ్చేది, చీరలు తీసుకుపోయేది, మజూరి, అంటే నేత కూలి, ఇచ్చేది ఆయనే.

ఒకనాడు పొద్దున అందరినీ తన అరుగు మీదికి పిలిపించాడు.

"బీరువలు నిండినయ్. పట్నంల షాపులోల్లు ఫోన్ ఎత్తుతలేరు. ఇన్నొద్దులు పడుగుకు పన్నెండు వేలిచ్చిన. ఇగ ఎనిమిదే. ఇష్టముంటే అతుకుండ్రి, లేకుంటే నా పడుగు నాకు తెచ్చియ్యుండ్రి."

అతకడమంటే వాడలో చిన్న మాట కాదు. పాత పడుగు చివరి మూర నేయకుండా మగ్గం మీదే వదిలేస్తారు. కొత్త పడుగులోని ఒక్కో పోగునూ ఆ తోకలోని ఒక్కో పోగుకు, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు, ఇద్దరు కూర్చుంటే రెండు రోజుల పని. మజూరి కోసం కొట్లాడాలంటే అది మొదలుపెట్టక ముందే కొట్లాడాలి. మొదటి పోగు మెలిపడిందంటే ఆ రేటుకు ఒప్పుకున్నట్టు. ఆ పడుగు దిగేదాకా నోరెత్తకూడదు. దీనికి కాగితమూ లేదు, సంతకమూ లేదు. తాతల నాటి నుంచి ఎవరూ తప్పలేదు.

వెంకటనర్సు లేచి తుండు దులిపాడు.

"నేనతక. నా మగ్గంల పిల్లి పిల్లల్ని పెట్టినా మంచిదే, ఎనిమిదికి అతక."

అరుగు దద్దరిల్లింది. పక్కింటి నాగరాజు అందరికంటే గట్టిగా అరిచాడు: "నర్సు మామ అతికిననాడే మేం అతుకుతం! గప్పటిదాక ఒక్క మగ్గం గూడ నడువది!"

వెంకటనర్సు ఆ రోజు ఇంటికి రెండు జానలు పొడుగు పెరిగి వచ్చాడు. ఉప్పలమ్మ అంతా విని బియ్యం చాట పక్కన పెట్టింది.

"మంచిగనే అన్నవ్. మరి రేపేం తిందం? నీ మాటనా?"

అందుకే కట్టంగూర్ దిక్కు హైవే పక్కనున్న ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేరాడు. మగ్గం ఆగినా తాను ఆగనని చూపించాలి గదా. ఆకుపచ్చ చొక్కా, చెవుల దాకా దిగే టోపీ, ఒక ఈల ఇచ్చారు. పన్నెండు గంటలు నిలబడాలి. నలభై ఏళ్లు కూర్చుని బతికిన కాళ్లు మొదటి పూటకే తిరగబడ్డాయి. లారీ నంబర్లు రాసుకొమ్మంటే డ్రైవర్ల లుంగీల నేత చూస్తూ నంబర్లు మరిచిపోయేవాడు. అయినా ఓర్చుకున్నాడు. పదకొండు మగ్గాలు తన మాట మీద ఆగి ఉన్నాయి మరి.

అయిదో రోజు గోదాము ఓనరు భార్యతో కలిసి కారు దిగాడు. ఆమె ఒంటి మీద ఎర్రటి ఇక్కత్ చీర. సలాము కొట్టడానికి ఎత్తిన వెంకటనర్సు చెయ్యి సగంలో ఆగిపోయింది.

"అమ్మా, జర కొంగు ఎనుకకు తిప్పి సూపియ్యి."

ఆమె బిత్తరపోయింది. ఓనరు కళ్లు పెద్దవి చేశాడు. వెంకటనర్సుకు ఇద్దరూ కనిపించడం లేదు, చీర ఒక్కటే కనిపిస్తోంది.

"అమ్మా, నిన్ను నిండ ముంచిండ్రు. ఇది నేసింది కాదు, అచ్చు గుద్దింది. ఎనుక తెల్లగుంది సూడు. పోగుకు రంగెక్కితే రెండు దిక్కుల ఒక్క తీరుంటది. ఎంత పెట్టినవ్?"

"పద్దెనిమిది వేలు" అన్నాడు ఓనరు, భార్య వైపు చూస్తూ.

"పదమూడు వందలు గూడ చెయ్యది సార్."

ఓనరు భార్య చీరనూ చూసుకోలేదు, మొగుడినీ చూడలేదు. వాచ్‌మన్‌ను చూసింది. అయిదు నిమిషాల్లో టోపీ, ఈల టేబుల్ మీదికి చేరాయి. చొక్కా ఉతికి తెచ్చివ్వమన్నారు.

అలా అయిదో రోజు పట్టపగలే ఇంటికి బయలుదేరాడు. రోజూ తెల్లవారక ముందు పోయి చీకటి పడ్డాక వచ్చేవాడికి వాడ మధ్యాహ్నం ఎలా ఉందో తెలియదు. ఆటో దిగి నాలుగడుగులు వేసేసరికి వింతగా అనిపించింది. ఇంటింటా తలుపులు మూసి ఉన్నాయి, ఇంటింటా టీవీ చెవులు పగిలేలా మోగుతోంది. మగ్గం నేసే రోజారమణి ఇంట్లో వరికి వచ్చే తెగుళ్ల గురించి ఎవరో అధికారి అరుస్తున్నాడు. రోజారమణికి గుంట భూమి కూడా లేదు.

వెంకటనర్సు ఆగి చెవి పెట్టాడు. అధికారి గొంతు కింద టక్, టక్, టక్. మగ్గంలో పోగును మోసే నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడు. తరువాతి ఇంట్లో భక్తి పాటల కింద అదే చప్పుడు. ఆ పక్కింట్లో క్రికెట్ కింద అదే. మగ్గం చప్పుడును బట్టి మనిషిని పోల్చగలిగిన చెవి అది. వాడలో మగ్గాలు ఆడుతున్నాయి.

నాగరాజు ఇల్లు ఒక్కటే నిశ్శబ్దంగా ఉంది. వెంకటనర్సుకు ప్రాణం లేచి వచ్చింది. ఒక్కడైనా మాట మీద నిలబడ్డాడు! తలుపు కొట్టాడు. నాగరాజు సందు మాత్రం తెరిచాడు. పది వేళ్లకూ బూడిద.

"వేళ్లకు బూడిదేందిరా?"

"గిన్నెలు తోముతున్న మామ."

"నీ పెండ్లయి పదేండ్లు. ఎన్నడన్న ఒక గిలాస కడిగినవారా?"

నాగరాజు తలుపు ఇంకాస్త తెరిచాడు. లోపల వాడి భార్య సగం అతికిన పడుగు ముందు కూర్చుని ఉంది.

"ఏం జేద్దు మామ? పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు ఫోన్ కొనాలె. సేటు ఎనిమిదిన్నర ఇస్తనన్నడు. నీ ఒక్కనికే, ఎవ్వలకు చెప్పకన్నడు."

"నీ ఒక్కనికేనా?"

వెంకటనర్సు తిన్నగా రోజారమణి తలుపు తట్టాడు. ఆమె టీవీ గొంతు నొక్కి చెప్పింది: "నాకు ఏడున్నర అన్న. ఆడమనిషివి, పొయ్యి కాడికి లేస్తవు, పడుగు జల్ది దించవు అన్నడు. పోనీ అని అతికిన. మరి నాగరాజుకెంత?" వెంకటనర్సు చెప్పాడు. ఆమె నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. వాడ చివరి ఇంట్లో పరశురాములును అడిగితే తొమ్మిది. పన్నెండు ఇళ్లున్న వాడలో అప్పటికే మూడు రకాల రహస్యాలు తేలాయి.

ఇంటికి వచ్చి కూలబడ్డాడు. ఉప్పలమ్మకు ముందే తెలుసు, చెబితే ఆ నౌకరీ కూడా వదిలేసి వస్తాడని చెప్పలేదట. కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. అయిదు రోజులు వాడ కోసం నిలబడ్డాననుకున్నాడు, హైవే కోసం నిలబడ్డాడు. అప్పుడే ఫోన్ మోగింది. దామోదర్.

"నర్సన్నా, ఒక్క ఆర్డర్ వచ్చింది. దసరా ఎనుక పెండ్లి. గా ఏనుగుల అంచు నువ్వు తప్ప ఎవ్వలు నెయ్యలేరు. నీకు పదిస్త. గని ఎవ్వలకు చెప్పకు."

ఫోన్ పెట్టేశాక వెంకటనర్సు లెక్క వేసుకున్నాడు. పది. పన్నెండు కంటే తక్కువే, కానీ వాడలో అందరికంటే ఎక్కువ. తన పువ్వుకు ఆ విలువ ఉంది, అబద్ధం కాదు. మాట తప్పింది వాళ్లు, తాను కాదు. ఎవరూ వేలెత్తి చూపరు.

"ఒప్పుకుందునా?" అన్నాడు.

"నన్నడుగుతవేంది?" అంది ఉప్పలమ్మ. "నీ కడుపుల ఒక మాట ఎన్ని గంటలు నిలుస్తదో నేనూ సూస్త."

అరగంట నిలిచింది. తరువాత వాడ నడుమకు పోయి, నడుముకు పైనున్న పహిల్వాన్ బలమంతా కూడగట్టి అరిచాడు:

"వాడోల్లారా! దామోదర్ సేటు నాకు పదివేలిస్తడట! ఎవ్వలకు చెప్పొద్దన్నడు!"

అధికారి ఆగాడు. భక్తి పాట ఆగింది. క్రికెట్ ఆగింది.

గంటలో అందరూ దామోదర్ అరుగు మీద ఉన్నారు. సేటు కదలలేదు. "అందరు అతికిండ్రు గద. అతికినంక మజూరి ముచ్చట ఉంటదా? మీ తాతలు పెట్టిన కట్టుబాటే." ఆ మాటకు అరుగు చల్లబడింది.

"నేనతకలే" అన్నాడు వెంకటనర్సు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆ వాడలో మాట్లాడే హక్కు మిగిలింది ఆయన ఒక్కడికే.

"నా రేటు నేను చెప్పుకుంట సేటూ. నీ పది నాకొద్దు. నాకు తొమ్మిది. వాడకంత గదే తొమ్మిది, రోజారమణికి గూడ. రెండు పడుగుల దాకనే, ఎనుక మల్ల కూసుందం. కాదంటవా, నీ ఏనుగులను నువ్వే తోలుకో."

దామోదర్ లోపలికి తీసుకుపోయి బీరువాలు తెరిచి చూపించాడు. నిజంగానే నిండి ఉన్నాయి. ఆ మనిషి అబద్ధాలు చెప్పాడు గానీ అన్నీ అబద్ధాలు కాదు. చివరికి మొహం మాడ్చుకుని తొమ్మిదికి తల ఊపాడు.

ఇంటికొచ్చి వెంకటనర్సు బూడిద గిన్నె ముందుకు లాక్కున్నాడు. పన్నెండు నుంచి తొమ్మిదికి దిగిన మనిషికి ఇంత సంతోషం ఎందుకో ఆయనకే తెలియలేదు. ఉప్పలమ్మ ఎదురుగా కూర్చుంది గానీ పోగు ముట్టుకోలేదు.

"నువ్వు నేసెతందుకు తొమ్మిది. మరి ముప్పై ఏండ్ల సంది అతికేది, కండెలు చుట్టేది నేను. నా రేటెంత?"

"ఇంట్ల పనికి రేటేందే?"

"నేనింక అతకలే. మజూరి ముచ్చట గిప్పుడే మాట్లాడాలె."

అరుగు మీద సేటును నిలదీసిన మనిషి బూడిద గిన్నెను మెల్లగా వెనక్కి నెట్టాడు. బేరం తెల్లవారికి వాయిదా పడింది. ఈలోగా నాడెలో పెట్టే పోగుల కండెలు తానే చుట్టడానికి కూర్చున్నాడు. చుట్టినవాటిలో సగం చిక్కుపడ్డాయి.