పదిరోజుల పుస్తకం

భిలాయి కార్ఖానాలో డ్యూటీ దిగి, గోళ్ళలో మసితోనే యర్రయ్య, భార్యని ఆసుపత్రిలో చేర్చినప్పట్నుంచీ, రోజూ దాని ఎదుటి మెస్సుకు వచ్చేవాడు. ధరల పలకంతా కొత్తగా చూస్తున్నట్టు చదివి, చివరికి ఒక్క భోజనం టికెట్టే అడిగేవాడు. "పదిరోజుల పుస్తకం తీసుకో అన్నయ్యా, రెండు పూటలు కలిసొత్తాయి" అనేది మెస్సు నడిపే సూర్యావతి. "రేపో ఎల్లుండో మీ వదినకి ఛుట్టీ ఇచ్చి ఇంటికి పంపేత్తారమ్మా. మిగిలిన టికెట్లు ఏటి సేసుకోను?" అనేవాడు.

ఇరవయ్యో రోజున తనే పుస్తకం అడిగాడు. "ఇంకొన్నాళ్ళు ఉంచాలంతన్నారు" అన్నాడు, అదీ మంచికే అన్నట్టు. సూర్యావతి పుస్తకం చేతిలోకి తీసుకుంది. డాక్టర్లు ఆశ వదిలేశారని పొద్దున్నే వార్డు ఆయా ఆమెతో చెప్పింది. పుస్తకాన్ని మళ్ళీ సొరుగులో పెట్టి, ఒక్క టికెట్టు చింపి ఇచ్చింది. "ఈ పూటకిది సాలన్నయ్యా."

యర్రయ్య ఆమె మొహంలోకి చూశాడు. టికెట్టు బల్లమీదే వదిలేసి వార్డుకి పరుగెత్తాడు.