బర్రెను లేపిందెవరు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, వానాకాలంలో, నన్ను కల్వకుర్తి దగ్గరి ఒక పశువుల దవాఖానకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పక్క మండలంలో అదే హోదాలో సురేందర్ ఉండేవాడు. సర్వీసులో నాకంటే చిన్నవాడు. ఈనిన బర్రె పడిపోయిందంటే చాలు, బండి మీద వచ్చి నరానికి కాల్షియం సీసా ఎక్కించేవాడు. అది లేచి నిలబడేది. ఏ ఊళ్లో విన్నా వాడి పేరే. నాకు కడుపు మండేది, దాచడమెందుకు?

ఒంట్లో కాల్షియం పడిపోయిన పశువును మేము ఫ్లాసిడ్ అని రాస్తాం. కండరాల్లో బిగువే ఉండదు. చెవులు చల్లబడతాయి, మెడ పక్కకు వాలుతుంది. లింప్ అంటే ఉత్త వేలాడడం. ఒక్క కాలు వేలాడినా ఆ మాట చెల్లుతుంది. రెండూ ఒకటే అనుకుంటే వైద్యం దారి తప్పుతుంది.

యాదమ్మ అనే రైతు బర్రె కష్టంగా ఈని పడిపోయింది. ఆ ఇంటికి పాడి అదొక్కటే. ఆమె ముందు సురేందర్‌నే పిలిచింది. సీసా ఎక్కింది కానీ బర్రె లేవలేదు. అప్పుడు గుర్తొచ్చాను నేను. వెళ్లి చూస్తే చెవులు వెచ్చగా ఉన్నాయి, మెడ నిటారుగా ఉంది, మేత తింటోంది. లేపబోతే వెనక కాళ్లు మాత్రమే వేలాడుతున్నాయి. దూడ బయటికి వచ్చేటప్పుడు కాళ్లను ఆడించే లోపలి నరం నలిగింది. దీనికి సీసా కాదు, సేవ కావాలన్నాను.

"ఇంకో సీస ఎక్కియ్యరాదు సారూ, గా సారు ఎక్కిచ్చిండు గద!" అంది యాదమ్మ. ఒళ్లు మండిపోయింది. ఆమె మరిదేమో కటికాయనకు కబురు చేస్తానంటున్నాడు. అతణ్ణి బతిమాలి ఆపాను. గడ్డి మందంగా పరిపించాను. పూటపూటా బర్రెను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పించాను. గోనెసంచులు కలిపి కుట్టించి, పొట్ట కింద వేసి, దూలానికి కట్టి రోజూ కాసేపు నిలబెట్టించాను. మానకుండా పోయేవాణ్ణి. బర్రె మీద ప్రేమ కొంత, సురేందర్ మీద కుళ్లు ఎక్కువ.

ఒక పొద్దున వెళ్లేసరికి బర్రె తనంతట తానే నిలబడి మేస్తోంది. యాదమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"జర ఆలిశమైంది గని, సురేందర్ సారు సీస పని జేసింది సారూ! గందుకే దూడకు గాయన పేరే వెట్టిన."



పడిపోయిన పశువుకు ముందు చెవి ముట్టుకోవాలి, మెడ చూడాలి, ఆ తర్వాతే కాళ్ల దగ్గరికి పోవాలి. కొత్తగా వచ్చిన డాక్టర్లందరికీ అదే చెప్పాను. పేరు ఎవరికి పోతుందన్నది మన చేతిలో లేదని కూడా చెప్పాను. నాకైతే అది ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆ దూడ సురేందర్‌కు గాలికుంటు టీకా వేసింది మాత్రం నేనే. కాస్త గట్టిగానే పొడిచాను.