రెండు వేళ్ల జాగా

మా పెద్దనాన్నని చర్చి సంఘంలో అందరూ చాటుగా టేపు పెద్ద అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆయన దర్జీ. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉండేది. ఆదివారం ఆరాధనకి కూడా ఒక్కోసారి తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసేవాడు. కానీ ఆ పేరు రావడానికి అసలు కారణం అది కాదు. మనిషిని చూడగానే భుజం ఎంత, నడుము ఎంత అని చెప్పేసినట్టే, ఎవరిదైనా తప్పు చెవిన పడగానే అది సంఘ నియమావళిలో ఎన్నో పేజీలో ఉందో కూడా చెప్పేసేవాడు. ముప్పై ఏళ్లు సంఘ పెద్దగా ఉన్నాడు. ఆ చిన్న పుస్తకం అట్ట ఊడిపోతే తనే గుడ్డతో కుట్టుకున్నాడు.

ఆయన దుకాణంలో నేను పన్నెండేళ్లు పనిచేశాను. కాజాలు, బొత్తాలు, అంచు కుట్లు నావి. కొలతలు, కత్తిరింపు ఆయనవి. కత్తెర నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఏ బట్ట కుట్టినా లోపలి కుట్టు పక్కన రెండు వేళ్ల గుడ్డ అదనంగా వదలడం ఆయన పద్ధతి. గుడ్డ దండగ చేస్తున్నాడని ఎవరైనా సణిగితే మడతపెట్టి వెనక్కి ఇచ్చేసేవాడు, ఇంకో దర్జీని చూసుకోమని. నాతో మాత్రం నెమ్మదిగా చెప్పేవాడు.

"మనిషి ఎప్పుడూ ఒక్కలా ఉండడమ్మా. ఒళ్లు చేస్తాడు, చిక్కిపోతాడు. రేపు విప్పుకోడానికి కాస్త జాగా ఉండాలి."

అంత దయ బట్టల మీద చూపించిన మనిషి, కన్నకూతురి దగ్గరికి వచ్చేసరికి అంగుళం కూడా వదల్లేదు. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన్ని నేను ప్రేమించాను కాబట్టి ఇంకా ఎక్కువ మండుతుంది.

అక్క ఆయనకి ఒక్కతే కూతురు. పెద్దమ్మ త్వరగా పోవడంతో ఆయనే పెంచాడు. జడ కూడా ఆయనే వేసేవాడు. పాపిడి టేపు పెట్టి తీస్తాడని మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. పెద్దయ్యాక సంఘంలోనే మంచి సంబంధమని చూసి చేశాడు. ఆ మంచి సంబంధం రోజూ చెయ్యి చేసుకునేవాడని మాకు నాలుగేళ్లకి గానీ తెలియలేదు. అక్క బయటికి వచ్చేసింది, కోర్టులో విడాకులు తీసుకుంది. మరో రెండేళ్లకి ఒక బస్సు డ్రైవరుని రిజిస్టరు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. నెమ్మదస్థుడు, అక్క మాట్లాడుతుంటే అలా వింటూ కూర్చునేవాడు.

నియమావళిలో దానికీ ఒక పేజీ ఉంది. మొదటి భర్త బతికుండగా మళ్లీ పెళ్లి చేసుకుంటే వెనక బెంచీ. అంటే ఆరాధనకి రావచ్చు, పాటలు పాడొచ్చు, కానీ చిట్టచివరి బెంచీలోనే కూర్చోవాలి. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. ఎప్పుడైనా సంఘం ముందు నిలబడి తన తప్పు తన నోటితో ఒప్పుకుంటే, శిక్ష చదివిన పెద్దే వెనక్కి వెళ్లి, ఆ మనిషి చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకురావాలి. ఆ క్షణం నుంచి ఆ తప్పు గురించి ఎవరూ ఎత్తకూడదు. నిజం చెప్పొద్దూ, ఆ చివరి మాట నాకు ఇష్టంగా ఉండేది. చెయ్యి పట్టుకుని తీసుకురావడం నేను చిన్నప్పుడు రెండుసార్లు చూశాను. రెండుసార్లూ హాలంతా ఏడ్చింది.

అక్క శిక్ష వేరే పెద్ద చదవొచ్చు. పాస్టరుగారు అదే అన్నారు కూడా. పెద్దనాన్న ఒప్పుకోలేదు, తనే లేచి చదివాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. అక్క తల దించుకోకుండా విని, తన సంచి తీసుకుని వెనక బెంచీకి నడిచి వెళ్లింది. ఆ తర్వాత ఆరేళ్లు ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంది. ఒంట్లో బాగున్నన్నాళ్లూ ఒక్క వారం కూడా మానలేదు.

"నాన్నని బాధపెట్టానని అడిగితే వెయ్యిసార్లు ఒప్పుకుంటానే. ఆ ఇంట్లోంచి బతికి బయటపడటం పాపమని మాత్రం నా నోటితో అనను," అనేది నాతో.

తండ్రీకూతుళ్లు ఇద్దరూ ఒకే గుడ్డలోంచి కత్తిరించినట్టు ఉండేవారు. ఆ ఆరేళ్లూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. అయితే ఏడాదికి మూడు నాలుగు గౌన్లు కుట్టి నా చేతికిచ్చేవాడు. ఎవరికని చెప్పేవాడు కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. అక్క తొడుక్కుంటే ఒంటికి అతికినట్టు ఉండేవి. కొలత ఎలా తీశాడా అని మొదట్లో ఆశ్చర్యపోయాను. తర్వాత గమనించాను. ముందు వరసలో కూర్చునే మనిషి, పాట మొదలవగానే తలుపు వైపు ఒకసారి తిరిగి చూసేవాడు. ఆ ఒక్క చూపులో కొలుచుకునేవాడు.

అందుకే అక్కకి జబ్బు చేసిన సంగతి డాక్టర్ల కంటే ముందు ఆయనకే తెలిసింది. కొలతల పుస్తకంలో పేరు లేని ఒక పేజీ ఉండేది. అందులో నడుము అంకె తగ్గుతూ వచ్చింది. ఒకరోజు పెన్సిలు పక్కన పెట్టేసి, "అది సరిగ్గా తింటోందా?" అని అడిగాడు. ఆరేళ్లలో అక్క గురించి ఆయన అడిగిన మొదటి మాట అదే.

గొంతులో పుండు. ఆపరేషన్ చేసి అక్క స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద గుడ్డ. గలగలా మాట్లాడే మనిషి పలక పట్టుకుని రాసి చూపించడం మొదలుపెట్టింది. డ్రైవరు బావ రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉన్నాడు. ఆర్నెల్లకి జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఎక్కువ రోజులు లేవని చెప్పేశారు. ఆ రోజు అక్క పలక మీద రాసి నాకు చూపించింది: "పోయేలోపు ఒక్కసారి ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యాలి. నాన్న వచ్చి తీసుకెళ్లాలి."

తరువాతి ఆదివారం రొట్టె పళ్లెం బయటికి రాగానే వెనక బెంచీలో అక్క లేచి నిలబడింది. డ్రైవరు బావ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. పెద్దనాన్న లేచాడు. బెంచీల మధ్య దారిలో వెనక్కి నడిచి వెళ్లాడు. హమ్మయ్య అనుకున్నాను. అక్క కుడిచెయ్యి చాచింది.

ఆయన కాగితం అందుకున్నాడు. చెయ్యి అందుకోలేదు.

"నియమంలో నోటితో అని ఉంది," అన్నాడు మెల్లగా. "కాగితం చెల్లుతుందో లేదో కమిటీలో తేల్చాలి. అప్పటిదాకా కూర్చోమ్మా."

కాగితం విప్పకుండానే చొక్కా జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. అక్క కాసేపు అలాగే చెయ్యి చాచి నిలబడి, తర్వాత కూర్చుంది.

మర్నాడు దుకాణంలో నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంట్లో పెద్దల మీద గొంతు లేపని దాన్ని, సూది కూడా విసిరికొట్టాను. "బట్టలో వదిలే రెండు వేళ్ల జాగా నియమంలో ఎందుకు వదలవు పెద్దనాన్నా?" అని అడిగాను.

"బట్ట మనిషిదమ్మా. నియమం దేవుడిది," అన్నాడు.

అంతలో పాస్టరుగారు వచ్చారు. ఆయన కుర్రవాడు, పెద్దనాన్న అంటే భయం. అయినా ఆ రోజు తెగించి మాట్లాడారు. బైబిల్లో ఇల్లు విడిచి వెళ్లిన కొడుకు కథ ఎత్తారు. "పెద్దగారూ, కొడుకు ఒప్పుకోలు మాటలు సిద్ధం చేసుకునే వచ్చాడు. కానీ తండ్రి ఆ మాటల కోసం ఆగాడా? దూరంగా కనబడగానే పరుగెత్తలేదూ?"

పెద్దనాన్న మిషను తొక్కడం ఆపాడు. "ఆ తండ్రి దేవుడు, పాస్టరుగారూ. నేను ఉత్త గుమస్తాని. అప్పట్లో బేకరీ ఆవిడని ఇదే నియమం కింద మూడేళ్లు వెనక కూర్చోబెట్టాను. ఏడుస్తూ వచ్చినా నోటితో చెప్పేదాకా చెయ్యి పట్టుకోలేదు. ఇప్పుడు నా కూతురికి వేరే టేపు పెట్టమంటారా? ఆవిడ మొహం ఎలా చూడను?"

పాస్టరుగారు సెలవు తీసుకుని వెళ్లిపోయారు. అందులో న్యాయం లేదని ఎలా అంటాం? అందుకే ఆ మనిషితో వాదించడం అంత కష్టం.

"పోనీ ఆ కాగితమైనా చదివావా?" అని అడిగాను.

"సంఘం ముందు చదవాల్సింది నేనొక్కణ్ణే చాటుగా చదివితే తప్పు కదా."

కమిటీ మూడో శనివారం కూర్చుంది. 'తన నోటితో లేక తన చేతిరాతతో' అని నియమం మార్చారు. సవరణ పెద్దనాన్నే దగ్గరుండి రాశాడట. అన్ని సంతకాలూ అయ్యాయి గానీ, కొత్త నియమం సంఘంలో చదివాకే అమల్లోకి వస్తుంది. ముందు ఒక ఆదివారం ప్రకటించి, ఆ పై ఆదివారం చదవాలి. ఆయన మొహంలో చాలాకాలానికి కళ వచ్చింది. లేత నీలం గుడ్డ తెచ్చి కత్తిరించాడు. ఆదివారానికి అని ఈసారి నాకు చెప్పాడు.

అక్క గురువారం పొద్దున్న పోయింది.

డ్రైవరు బావే దుకాణానికి వచ్చి చెప్పాడు. గడప దాటి లోపలికి రాలేదు. పెద్దనాన్న సరేనన్నట్టు తలూపి, మళ్లీ మిషను దగ్గర కూర్చున్నాడు. ఆ నీలం గౌనునే పూర్తిచేశాడు. అంచు కుట్టమని నాకిచ్చాడు. లోపలి వైపు తిప్పి చూస్తే, పక్క కుట్ల దగ్గర రెండు వేళ్ల గుడ్డ ఎప్పటిలాగే వదిలి ఉంది. ఇంక ఎవరు విప్పుకుంటారని? నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం జేబులోంచి కాగితం తీసి నాకిచ్చాడు.

"చదువమ్మా. నాకు అక్షరాలు ఆనట్లేదు."

విప్పి చదివాను. "నాన్నా, నాకిప్పుడు నోరు లేదు. నా తప్పులేంటో నీకంటే బాగా ఎవరికి తెలుసు? నా బదులు నువ్వే చెప్పు, నువ్వేం చెప్పినా ఒప్పుకుంటాను. నీ పక్కన నిలబడి ఒక్కసారి రొట్టె తీసుకోవాలని ఉంది. మొన్నటి గౌను చక్కగా సరిపోయింది."

ఆయన ఇంకోసారి చదవమన్నాడు. నాలుగుసార్లు చదివించుకున్నాడు.

మర్నాడు శవపేటికని హాల్లోకి తెచ్చారు. శిక్షలో ఉండగా పోయినవాళ్లని ముందుకి తీసుకెళ్లరు, వెనక బెంచీ పక్కనే ఉంచుతారు. అలాగే ఉంచారు. పెద్దనాన్న ముందు వరసలోంచి లేచి వెనక్కి నడిచాడు. మెడలో టేపు ఉంది, తీయడం మర్చిపోయినట్టున్నాడు. పేటిక పక్కన నిలబడి సంఘం వైపు తిరిగాడు.

"నా కూతురు తన తప్పు నన్ను చెప్పమంది," అన్నాడు. మూడుసార్లు నోరు తెరిచి మూశాడు. "రాత్రంతా వెతికాను. ఎక్కడ చూసినా నాదే కనబడుతోంది. చెయ్యి చాచింది. నేను కాగితం తీసుకున్నాను."

వంగి అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే నలుగురు వచ్చి పేటిక ఎత్తారు, వాళ్లలో డ్రైవరు బావ ఒకడు. ఆ చెయ్యి వదలకుండా బెంచీల మధ్య దారిలో బల్ల దాకా నడిచాడు. దారి పక్కనే కూర్చున్న బేకరీ ఆవిడ లేచి నిలబడింది. అది చూసి అందరూ నిలబడ్డారు.

ఆ తర్వాత ఆయన ముందు వరసలోకి వెళ్లలేదు. పెద్దరికం వదిలేశాడు. బతికిన రెండేళ్లూ వెనక బెంచీలో, అక్క కూర్చున్న చోటే కూర్చున్నాడు. పళ్లెం వస్తే ముట్టకుండా పక్కవాళ్లకి అందించేవాడు. పాస్టరుగారు బతిమాలారు. డ్రైవరు బావ కూడా ఒకసారి వచ్చి, "పదండి మామయ్యా, మీ మీద నాకేం కోపం లేదు," అన్నాడు. పెద్దనాన్న అతని భుజం తట్టాడు గానీ లేవలేదు.

ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను. "నీకు శిక్ష ఎవరు వేశారు పెద్దనాన్నా? నువ్వు నీ నోటితోనే ఒప్పుకున్నావు కదా. ఇంకా ఇక్కడెందుకు కూర్చోవడం?"

ఆయన తన కుడిచేతిని తెరిచి చూసుకున్నాడు.

"ఒప్పుకోవడం అయిందమ్మా. వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాల్సిన మనిషి లేదు."