తోడుకోని పాలు

మూడు రోజులుగా శారదమ్మ ఇంట్లో పెరుగు తోడుకోవడం లేదు. పొద్దున్నే మూత తీస్తే గిన్నెలో పాలు పాలలాగే ఉంటున్నాయి, పైన కాస్త నీరు తేలి.

అది పెళ్లయిన కొత్తలో భర్త సోమయ్య మౌలాలిలోని వాళ్లమ్మ దగ్గర నుంచి టిఫిను డబ్బాలో తెచ్చిన తోడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఏ రోజుకారోజు ఒక చెంచా మిగుల్చుకుంటూ వచ్చింది. సోమయ్య పోయి ఐదు నెలలు. ఆయన పేరు చెక్కిన స్టీలు గిన్నెను ఆమె అప్పటి నుంచి కడగలేదు. అడుగున మిగిలినదాంట్లోనే మళ్లీ పాలు పోసేది. ఒక్కదానికి ఎంత పెరుగు కావాలి?

పక్కింటి పుష్పమ్మ తమ తోడు ఒక చెంచా తీసుకుపొమ్మంది. శారదమ్మ తీసుకోలేదు. అది వేస్తే వాళ్లింటి పెరుగవుతుంది. ఆయన చేత్తో తెచ్చినవాటిలో ఇంకా బతికున్నది ఈ తోడొక్కటే.

మేడమీద అద్దెకుండే హిమజ సూక్ష్మజీవుల చదువు చదువుతోంది. గిన్నెలోకి వంగి చూసి, పాలల్లో ఏ దోషమూ లేదంది.

“తోడులో ఉండే బ్యాక్టీరియాకు వైరస్ పట్టినట్టుంది ఆంటీ.”

“పెరుగుకు సుత జరమొస్తదా బిడ్డా?”

హిమజ నవ్వి, ఓపిగ్గా చెప్పింది. కడగని గిన్నెలో ఆ వైరస్ రోజురోజుకూ పెరిగి ఉంటుంది. అయినా కొన్ని బ్యాక్టీరియాలు దానికి చిక్కవు. అవే మిగిలి, పిల్లలు పెడతాయి. వాటిని పట్టడానికి వైరస్ మారుతుంది. తప్పించుకోవడానికి ఇవి మళ్లీ మారతాయి.

“అన్నీ చావయ్ ఆంటీ. గిన్నె మాత్రం మరిగించాలె.”

శారదమ్మ గిన్నెలోకి వంగింది. “గట్ల ఒకదాన్ని జూసి ఒకటి మారుకుంటనే ఉంటయా?”

“రెండూ ఉన్నన్ని రోజులు.”

పెళ్లికి ముందు ఆమెకు పులుపు గిట్టేది కాదు. సోమయ్యకేమో పుల్లటి పెరుగే కావాలి. ఆమె ఆ పులుపుకు అలవాటు పడింది, ఆయన ఆమె చప్పిడి కూరలకు.

అడుగు నుంచి ఒక చెంచా గ్లాసులోకి తీసి, ఆమె గిన్నెను తోమి నీళ్లలో మరిగించింది. గోరువెచ్చని పాలలో ఆ చెంచా కలిపింది. మర్నాటికి పాలు కాస్త చిక్కబడ్డాయి, అంతే. అందులోంచే ఇంకో చెంచా తీసి, గిన్నె మళ్లీ మరిగించి, కొత్త పాలు పోసింది. నాలుగో పొద్దున గిన్నె వంచితే పెరుగు కదల్లేదు.

వేలితో నాకి చూసింది. పులుపు లేదు. కమ్మగా, పుట్టింట్లో తిన్న పెరుగులా ఉంది. సోమయ్య అయితే కంచం పక్కకు నెట్టేవాడు.

పుల్లబడుతుందని గిన్నెను ఎండలో పెట్టబోయింది. గడప దాకా వెళ్లి ఆగింది. రేపటికి ఒక చెంచా పక్కన తీసిపెట్టి, మిగిలినదాంట్లో అన్నం కలుపుకుని, నిలబడే తినేసింది.