నీళ్లక్క ఫిల్టరు

కొండలెక్కే బృందంలో అందరూ ఆవిడని నీళ్లక్క అంటారు. వాగు కనపడగానే మిగతావాళ్లు బ్యాగులు దించి చతికిలబడితే, ఆవిడ మాత్రం దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూస్తుంది, ఎగువన పశువులున్నాయేమోనని మెడ సాచి చూస్తుంది. తేటగా ఉంటే ఫిల్టరు చాలు. మందలు కనిపిస్తే ఆ పైన నీళ్లని శుద్ధిచేసే మాత్ర కూడా వేస్తుంది. బురదగా ఉంటే గుడ్డలో వడకట్టి మరగబెడుతుంది. మాత్ర వేసిందంటే అరగంట దాకా సీసా ముట్టనివ్వదు. "నాలుక పిడచకట్టుకుపోతోందే" అని మొగుడు మొత్తుకున్నా గడియారం వంకే చూస్తుంది తప్ప అతని వంక చూడదు.

మొన్నామధ్య ఆ మొగుడే, సాయం చేద్దామని, తడి ఫిల్టరుని ఆరడానికి గుడారం తాడుకి వేలాడదీశాడు. రాత్రి మంచు పట్టింది. పొద్దున చూస్తే ధార నిన్నటికంటే జోరుగా వస్తోంది. అందరి మొహాలూ వెలిగాయి, ఆవిడది తప్ప.

"బాగానే వస్తోందిగా" అన్నాడతను.

"అదేనండీ నా భయం. లోపలి నీళ్లు గడ్డకట్టి జల్లెడ పగిలుంటుంది. అడ్డు లేనప్పుడు నీళ్లు జోరుగా రాక ఏం చేస్తాయి?"

పట్టిన సీసాలన్నీ ఒంపేసింది. మాత్రలు అప్పటికే అయిపోయాయి. వంటకని దాచిన ఆఖరి గ్యాసుతో నీళ్లు మరగబెట్టింది. మధ్యాహ్నం అందరూ బిస్కెట్లు నములుతూ సణిగారు. అయినా ఫిల్టరు బయట పెట్టిందెవరో ఆవిడ చెప్పలేదు.

తర్వాతి ప్రయాణంలో కొత్త ఫిల్టరుని తన పడక సంచిలోనే, పొట్టకి ఆనించుకుని పడుకుంది.

"ఇన్నేళ్ల కాపురంలో నన్నిలా ఎప్పుడూ కప్పలేదు" అన్నాడతను. ఆవిడ నిద్రలోకి జారాక, ఫిల్టరుకి చలి తగలకుండా ఆ సంచి జిప్పుని ఇంకాస్త పైకి లాగాడు.