జవాబు వాడే చెప్పాలన్న వకీలు సాబ్

మా పెద్దోడు గెలిచిండు. మతి సక్కగున్నోడే, వాని భూమి వాడే చూసుకోవచ్చునని నిన్న కోర్టు తేల్చింది. శంషాబాద్‌ల బస్సు దిగినకాంచి కనబడ్డోళ్లకల్లా చెప్తున్న. ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన మా వకీలు సాబ్ మాత్రం పోయిన వారమే గుండె ఆగి కన్నుమూసిండు. తీర్పు దాకనన్న ఉండకపాయె. నా చదువు అయిదో తరగతి. తప్పులుంటే మన్నించుండ్రి.

వాళ్ల అమ్మమ్మ వానికి రెండెకరాలు రాసిచ్చింది. రెండేండ్ల కింద వాడు మనసు చెదిరి, తనల తానే మాట్లాడుకుంట తిరిగిండు. దవాఖాన మందులతోని కుదుటపడ్డడు. అయినా మా బామ్మర్ది, వానికి మతి లేదు, భూమి నా చేతికియ్యుండ్రని కేసు ఏసిండు.

వకీలు సాబ్ కోస్తా నుంచి వచ్చి పట్నంల స్థిరపడ్డ మనిషి. నాలాంటోన్ని గూడ మీరు అనేది. మొదటి దినమే ఒక లాటిన్ మాట చెప్పిండు, కంపోస్ మెంటిస్ అని. బీడీకట్ట కాయితం మీద రాయించుకున్న.

"పండితుడని కాదండీ పెద్దాయనా. తానేం చేస్తున్నాడో, దానివల్ల ఏమవుతుందో ఎరిగినవాడని అర్థం. మందులు మింగినంత మాత్రాన అది పోదు."

నేను ఊకుంటనా? కోర్టుల అడుగుతరని నెల దినాలు వానికి తారీఖులు, మంత్రుల పేర్లు బట్టీ పట్టించిన. సాబ్‌కు తెలిసి కోపం చేసిండు. "చిలకను చేసి తీసుకొస్తారా? అబ్బాయికి తెలిసింది అబ్బాయినే చెప్పనివ్వండి."

చాయ్ తెప్పిస్తే ముందు వానికే ఇచ్చేది, తర్వాత నాకు. "బాబూ, నువ్వేమంటావు?" అని ప్రతిదీ వాణ్నే అడిగేది. రెండేండ్ల సంది ఇంట్ల మేమెవ్వరం వాణ్ని ఆ మాట అడగలే.

కోర్టుల జడ్జిగారు తారీఖు అడిగితే వాడు నా దిక్కు చూసిండు. ఎనక నుంచి నేను చెప్పేసిన. సాబ్ ఎనకకు మర్లి చూసి, "మీరు చెబితే మతి ఉన్నట్టు రుజువయ్యేది మీకండీ" అన్నడు. అందరు నవ్విండ్రు. అప్పుడు వాణ్ని అడిగిండు, "బాబూ, బోరు నీళ్లు ముందు ఏ మడికి పెడతావు?"

"పై మడికి సార్. అది మెరక. కరెంటు పోతే మళ్ల నీళ్లెక్కయి. కింది మడికి తడి ఎట్లనన్న దిగుతది."

"మీ మామకు భూమి ఇస్తావా?"

"కౌలుకు అడిగితే ఇస్త. ఊకెనే ఎందుకిస్త?"

జడ్జిగారు గూడ నవ్వు ఆపుకున్నడు. సాబ్ కూసుండి అద్దాలు తీసి తుడుసుకున్నడు. నేను ఆయనను చూసుడు అదే ఆఖరు.

ఇగ ఎవరెవరికి చెప్పాలె? ముందుగాల సాబ్ ఇంట్ల అమ్మగారికి. షాద్‌నగర్‌ల మా అక్కకు. కొత్తూరు కంపెనీల పనిచేసే చిన్నోనికి. జల్‌పల్లి బిడ్డకు, అల్లునికి. నిన్న కోర్టుకు రాని బామ్మర్దికి ఎవరితోని చెప్పియ్యాలెనా అని నేను పరేషాన్ అయితుంటే, పెద్దోడు చెప్పులు తొడుక్కున్నడు.

"మామకు నేనే చెప్త బాపు."

ఏమని చెప్పాలెనో నా నాలుక దాక వచ్చింది. సాబ్ యాదికొచ్చి నోరు మూసుకున్న.