నాపరాయి మీద కర్ర చప్పుడు

మా బావగారు పోయారన్న కబురు బెజవాడ నుంచి వచ్చిన మొదటి బస్సులో వచ్చింది. తెచ్చిన మనిషి మాట పూర్తి చెయ్యకముందే మా అత్తయ్య, "ఏ సినిమాలోరా?" అని అడిగింది.

ఆమె అలా అడగటంలో వింతేమీ లేదు. అంతకుముందోసారి నందిగామ టూరింగ్ టాకీసులో ఆయన కత్తిపోటుకి పడిపోయే బొమ్మ ఆడితే, వత్సవాయి నుంచి చుట్టాలు బండి కట్టుకుని ఏడుస్తూ వచ్చారు. ఆ వేళ బావగారు మా పెరట్లో కూర్చుని జామకాయ తింటున్నారు. "కాస్త ఆగి ఏడవండి, ఇది తినేసి వస్తా" అన్నారు. ఏడుస్తున్నవాళ్లే నవ్వారు. ఈసారి కబురు తెచ్చిన మనిషి నవ్వలేదు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

కత్తియుద్ధాల సినిమాల్లో ఆయన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆయన మావారికి అన్నగారు. జగ్గయ్యపేట గోదాలో కర్రసాము నేర్చుకుని, ఆ కర్రతోనే మద్రాసు రైలెక్కారు. మొదట్లో గుంపులో దెబ్బ తిని పడిపోయే వేషాలు. తరవాత హీరో మీదికి దూకే వేషాలు. ఆ తరవాత ఆయనే హీరో. నేను అయిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, సినిమాల సంగతి నాకు పెద్దగా తెలియదు. ఆయన ఫైటింగు వస్తే కళ్లు మూసుకుని, పక్కావిడ "అయిపోయింది, చూడు" అన్నాక తెరిచేదాన్ని. నాకు తెలిసింది ఇంటికొచ్చిన మనిషి.

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారికి ఎదురుపడదు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఆయన వస్తే ఎటు పారిపోవాలో తెలియక గాదె వెనక నక్కేదాన్ని. ఇది గమనించారేమో, ఆ తరవాత నుంచి వాకిట్లోకి అడుగుపెట్టేముందు గుమ్మం ముందున్న నాపరాయి మీద కర్రతో టక్కున కొట్టి, కాసేపు బయటే నిలబడేవారు. నేను కొంగు సర్దుకుని తలుపు వెనక్కి వెళ్లాకే లోపలికి వచ్చేవారు. ఏదైనా అడిగితే నేను తలుపు గొళ్లెం కదిపేదాన్ని. అది అవునని. కదపకపోతే కాదని. "గొళ్లెం పలికింది, ఇంకో ముద్ద వెయ్యమంటోంది" అని అత్తయ్యతో వేళాకోళం చేసేవారు.

మంచం మీద కూర్చునేముందు నులకని అరచేత్తో నొక్కి చూడటం ఆయనకి అలవాటు. బండెక్కినా, వేదాద్రిలో ఏట్లో దిగేటప్పుడు మెట్టు మీద కాలు పెట్టినా అంతే, నొక్కి చూసేవారు. "పై నుంచి పడేవాడికి ధైర్యం కాదు కావాల్సింది. కింద ఏముందో తెలియాలి" అనేవారు.

పెళ్లి మాటెత్తితే, "గుమ్మం వైపు చూస్తూ కూర్చోటానికి అమ్మ ఒక్కతి చాలు" అనేవారు.

పోయిన వేసంగిలో వచ్చినప్పుడు మావారు పెరట్లో కర్ర తీసుకుని, "అన్నయ్యా, నన్నూ తీసుకుపో. నీ పోలికే కదా, నీ బదులు దూకుతా" అన్నారు. తలుపు వెనక నేను గొళ్లెం గట్టిగా పట్టుకున్నాను. నిజంగానే వెనక నుంచి చూస్తే ఇద్దరూ ఒకటే. అదే భుజాలు, అదే నడక.

"సరే, నన్ను కొట్టు. తగలకూడదు. కొట్టినట్టుండాలి" అన్నారు బావగారు.

ముందు తను చేసి చూపించారు. కర్ర గిర్రున తిరిగొచ్చి మావారి ముక్కుకి వేలెడు దూరంలో ఆగింది. గాలికి జుట్టు కదిలింది. తరవాత మావారు తిప్పారు. చిన్నప్పటినుంచీ గోదాలో కొట్టడమే నేర్చుకున్న చెయ్యి కదా, ఆపలేకపోయారు. బావగారి మణికట్టు మీద పడింది.

"ఇదిరా నీతో చిక్కు. నువ్వు నిజంగా కొడతావు" అని నవ్వుతూ చెయ్యి వెనక్కి దాచుకున్నారు. "తగలకుండా కొట్టటం నా ఉద్యోగం. నీకది రాదు. అక్కడ ఎవణ్నో కొట్టి పడేస్తావు, లేదా నువ్వే పడతావు."

మావారు మొహం ముడుచుకుని చేలోకి వెళ్లిపోయారు. బావగారు తలుపు దగ్గరికొచ్చి, అటు తిరిగి నిలబడి మెల్లిగా అన్నారు: "అమ్మాయ్, వింటున్నావా? నేనున్నా లేకపోయినా వీణ్ని ఆ గోడలెక్కనివ్వకు. అడగటానికి వస్తారు. వాడు కాదనలేడు. నువ్వే చెప్పాలి."

నేను గొళ్లెం కదిపాను.

అదే మా చివరి మాట. మద్రాసులో కోటగోడ మీంచి దూకే సీనట. వెలుతురు పోతోందని తొందరపెట్టారట. కింద పరుపులు నొక్కి చూడకుండా ఎక్కిన రోజు అదొక్కటేనట.

పెద్దకర్మ అయ్యాక ఒక పొద్దున వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్నాను. కారు సందు మొదట్లోనే ఆపి సినిమా కంపెనీవాళ్లు నడిచి వచ్చేశారు. కర్ర చప్పుడు లేదు. లోపలికి వెళ్లటానికి నాకు వ్యవధి దొరకలేదు.

"రెండు ఫైటింగులే మిగిలాయి తమ్ముడూ. మొహం అక్కర్లేదు, వెనక నుంచే తీస్తాం. అచ్చం అన్నలాగే ఉన్నావు" అన్నాడు వాళ్లలో పెద్దాయన మావారితో.

అత్తయ్య కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇది పూర్తిచెయ్యకపోతే మా వాడి ఆఖరి బొమ్మ డబ్బాల్లోనే ఉండిపోతుందా అయ్యా?"

"అంతేనమ్మా మరి."

ఆమె చిన్నకొడుకు వైపు చూసింది. మావారు మద్రాసు నుంచి సామాన్లతో వచ్చి మూలనున్న అన్నగారి కర్ర వైపు చూశారు. "ఎప్పుడు రమ్మంటారండీ?" అన్నారు.

నా చేతులకి మిరప మంట. పక్కన గొళ్లెం లేదు.

"వద్దన్నారండీ" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. మగవాళ్ల ముందు నా గొంతు నేను వినటం అదే మొదలు. "మా బావగారు వద్దన్నారండీ. ఈయన నిజంగా కొడతారు. ఆపటం రాదు. ఆయనే చెప్పారు నాతో."

పెద్దాయన ఏదో అనబోయాడు. అత్తయ్య నా వైపు చూసింది. తరవాత లేచి, "పెద్దాడు వద్దన్నాడటగా. మంచినీళ్లు తాగి వెళ్లండి బాబూ" అంది.

మావారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ బొమ్మ ఏమవుతుందో నాకు తెలియదు. అది ఆగిపోయిందంటే అత్తయ్య ముందు ఏ మొహంతో నిలబడతానో కూడా తెలియదు.

నిన్న మావారు అన్నగారి కర్ర తీసుకుని చేలోకి వెళ్లారు. సాయంత్రం నేను పొయ్యి దగ్గరుండగా గుమ్మం ముందు నాపరాయి మీద టక్కుమని చప్పుడైంది. వచ్చింది మావారేనని తెలుసు. అయినా కొంగు సర్దుకుని లేచి తలుపు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. అప్పటికే నా చెయ్యి గొళ్లెం మీద ఉంది.